కొండ మీద ఉడకని పప్పు

చచ్చినవాడి కళ్ళు చారెడని పెద్దలు ఊరికే అనలేదు. మొన్న జగ్గయ్యపేటలో మా పెదనాన్న పన్నెండో రోజు భోజనాలకి వెళ్ళాను. తొంభై దాటిన మనిషి, మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోయారు. అదొక్కటే ఆయన మాకు చేసిన ఉపకారం. కల్యాణ మండపంలో ఆయన నిలువెత్తు ఫొటోకి గులాబీల దండ వేసి, పక్కన మైకు పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ధర్మాత్ముడన్నారు, మాట మీద నిలబడే మనిషన్నారు, తూకంలో గింజ తేడా రానిచ్చేవారు కాదన్నారు. ఆ చివరిది నిజమే. సరుకు తూకంలో ఎన్నడూ తేడా రానివ్వలేదు. మనుషుల్ని తూచేటప్పుడు మాత్రం ఆ తక్కెడ ఎక్కడ పెట్టేవారో నాకు తెలియదు.

భోజనాల బంతి లేవగానే ఆయన కొడుకు, మా సుధాకరన్నయ్య, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పప్పు మిల్లు ఇప్పుడు అతనే చూస్తున్నాడు.

"నాన్న పేరు మీద పుస్తకం వేస్తున్నామే. ఊటీ ట్రిప్పు సంగతి నువ్వు రాయాలి. మనింట్లో రాసేదానివి నువ్వొక్కదానివేగా. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ బస్సు కట్టించి ఊటీ తీసుకెళ్ళినోడు ఈ పేటలో మా నాన్న తప్ప ఇంకెవడున్నాడు చెప్పు?"

"రాస్తాలే అన్నయ్యా."

"పిన్ని పప్పు సంగతి కూడా పెట్టు. చదివేవాళ్ళు కాస్త నవ్వుకుంటారు."

పిన్ని అంటే మా అమ్మ. అన్నయ్య ఆ మాట అన్నప్పుడు అమ్మ నాకు అటుపక్క కుర్చీలోనే కూర్చుని అరటిపండు ఒలుచుకుంటోంది. ఎనభై నాలుగేళ్ళొచ్చినా ఆవిడ చెవులకేమీ లోటు లేదు. పండు ఒలవడం ఒక్క క్షణం ఆపి, మళ్ళీ ఒలుచుకుంది. అందుకని ఇది రాస్తున్నాను. అన్నయ్య అచ్చు వేస్తాడో లేదో నాకు అనవసరం.

మా ఇంట్లో కందుల వాసనతోనే తెల్లవారేది. ఇంటి వెనకే మిల్లు. కందులకి నూనె పట్టించి, నీళ్ళు చల్లి, పెరడంతా పరిచి ఎండబెట్టేవారు. ఎండ ఎక్కేకొద్దీ ఆ నూనె, ఆ పొట్టు కలిసి ఒక చమురు వాసన లేచి, మా జుట్లలోకి, బళ్ళో మా పుస్తకాల్లోకి కూడా వచ్చేది. పెదనాన్న తెల్లారి లేచి పళ్ళు తోముకోగానే మిల్లులోకి వెళ్ళి, కొత్త పప్పులోంచి ఒక బద్ద తీసి పంటికింద పెట్టి కొరికి, కళ్ళు మూసుకునేవారు. ఆ తర్వాతే కాఫీ. మా పప్పు రెండు పొంగులకి ఉడుకుతుందని ఆయన గొప్ప. పొంగు వచ్చి, కాసిని నీళ్ళు చిలకరించి, మళ్ళీ పొంగు వచ్చేసరికి మెదపడానికి గరిటె అక్కర్లేదని కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. నాసిరకం పప్పు అమ్మేవాళ్ళని ఆయన తిట్టే తిట్టు ఒకటే, సోడా పప్పుగాళ్ళని. వంటసోడా వేస్తేగాని ఉడకని సరుకు అమ్ముతారని అర్థం. మా వ్యాపారంలో దానికి మించిన తిట్టు లేదు.

ఆ పప్పుని రెండు పూటలా వండేది మా అమ్మ. పేరు రాజ్యలక్ష్మి, అందరూ రాజ్యం అనేవారు. పెద్దకోడలైన మా దొడ్డమ్మకి పెళ్ళయిన ఏడాదికే మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. అవి వంటింటి గడప దగ్గర మాత్రమే వచ్చే నొప్పులు. పేరంటాలకి, సినిమాలకి ఆవిడ నడిచిన నడక నేను చూశాను. అమ్మది నందిగామ. మా అమ్మమ్మ కనకమ్మ చేతి వంటకి ఆ ఊళ్ళో ఎంత పేరంటే, బంధువుల ఇళ్ళలో పెళ్ళయితే గాడిపొయ్యి మీద పప్పు గుండిగ దించే ముందు ఆవిడని పిలిచి చూపించేవారు. ఆవిడ గరిటెతో ఒకసారి కలిపి, ఊ అంటేనే దించేవారు. అమ్మ ఆ పొయ్యిగట్టు మీద పెరిగిన మనిషి.

ఊటీ ప్రయాణం మా మీద ప్రేమతో పెట్టుకున్నది కాదు. నేను బళ్ళో చదువుకునే రోజులు. ఆ ఏడాది మాఘమాసంలో పెదనాన్న కూతురికి పెళ్ళి చేశారు. వియ్యంకులది నందిగామే, వాళ్ళదీ పప్పుల వ్యాపారమే. వాళ్ళ ముందు గొప్పకి వేసవిలో ఊటీ అన్నారు. బస్సు మాట్లాడారు. ఇప్పుడైతే సెల్‌ఫోనులో రూము పట్టుకుని, చేతిసంచితో పోయి, అక్కడ దొరికింది తింటున్నారు. మా ఇంట్లో బయటి తిండి ముట్టరు. అందుకని బస్సు మీద బియ్యం బస్తా, పప్పు బస్తా, ఆవకాయ జాడీలు, కారప్పొడి, నెయ్యి డబ్బా, పంపు స్టవ్వులు, కిరసనాయిలు డబ్బాలు, గుండిగలు, చివరికి కవ్వం కూడా ఎక్కింది. ప్రయాణానికి ముందు రోజులన్నీ అమ్మ అప్పడాలు, వడియాలు మూటలు కడుతూ, పులిహోర పులుసు కాస్తూనే ఉంది. మగవాళ్ళకి విజయవాడ నుంచి మఫ్లర్లు, మంకీ క్యాపులు తెప్పించారు. ఆడవాళ్ళకి చలి వెయ్యదనుకున్నారో, వేస్తే స్టవ్వులున్నాయనుకున్నారో, దుప్పట్లు సర్దుకోమన్నారు.

అయినా అమ్మ సంతోషంగానే ఉంది. నందిగామ రోడ్డు మీద వియ్యంకుల్ని ఎక్కించుకోవడానికి బస్సు ఆగినప్పుడు అమ్మమ్మ వచ్చి నిలబడి ఉంది. కిటికీలోంచి అమ్మ చేతిలో కరివేపాకు పొట్లం పెట్టింది.

"అక్కడ దొరుకుద్దో లేదో. నేనెటూ కొండలెక్కలేను. ఏం చూశావో అన్నీ గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పు" అంది.

"చెప్తాలేమ్మా, పడవ కూడా ఎక్కుతా" అంది అమ్మ. ఊటీలో చెరువుందని, అందులో పడవలుంటాయని, ఎక్కిస్తానని మా నాన్న చెప్పారు. ఆయన జీవితంలో అమ్మకి ఇచ్చిన మాటల్లో అదొకటి.

ఘాటు రోడ్డు మీద సగం బస్సు వాంతులు చేసుకుంది. పైకి వెళ్ళేసరికి పొగమంచు, చలి, నీలగిరి తైలం వాసన. అద్దె బంగళా వెనక ఒక రేకుల గది వంటకిచ్చారు. దానికి కిటికీ లేదు. ఉన్నా గోడే కనిపించేది. మొదటి రోజు మేమంతా పూలతోట చూసి, ఆకలితో నకనకలాడుతూ వచ్చాం. విస్తళ్ళు వేశారు. అన్నం పలుకుగా ఉంది. పప్పు ఉడకలేదు. బద్ద బద్దగా, నీళ్ళు నీళ్ళుగా ఉంది. అమ్మ ముఖం చూశాను. పొద్దున అందరూ గడప దాటకముందే స్టవ్వు మీద పెట్టిన పప్పు అది.

వియ్యపురాలు ఒక ముద్ద నమిలి, "ఫర్లేదులే వదినా, నమిలి తింటే పళ్ళకి మంచిదే" అంది దొడ్డమ్మతో. దొడ్డమ్మ నవ్వింది. ఎవరో ఒకరు నవ్వాక మిగతావాళ్ళకి అడ్డేముంది.

రెండో రోజు నాకు జ్వరం తగిలి బంగళాలో వదిలేశారు. అందువల్ల నేను చూశాను. అమ్మ పప్పు నానేసింది. మూత పెట్టి మూత మీద ఆ గదిలో ఉన్న రుబ్బురాయి పొత్రం పెట్టింది. వేణ్ణీళ్ళు పోసింది, నూనె చుక్క వేసింది, పసుపు వేసింది. అమ్మమ్మ నేర్పినవన్నీ చేసింది. కుతకుత ఉడుకుతూనే ఉంది, పప్పు మాత్రం మెత్తబడదు. ఆ గదిలో కిరసనాయిలు పొగకి ఆవిడ కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తోందో, పొగో నాకు తెలియలేదు. భోజనాల వేళకి మగవాళ్ళు తిరిగొచ్చారు. అమ్మ చెంగు భుజం చుట్టూ కప్పుకుని, పెదనాన్న కూర్చున్న వరండా తలుపు చాటుకి వెళ్ళి నిలబడింది. వియ్యంకుడు గదిలో బూట్లు విప్పుకుంటున్నాడు.

"బావగారండీ, చిటికెడు వంటసోడా తెప్పిస్తే పప్పు మెత్తబడుద్దండి" అంది.

పెదనాన్న గది వైపు చూసి గొంతు తగ్గించారు. "సోడానా? మన మిల్లు పప్పుకి సోడా వేశారని నందిగామ దాకా తెలియాలా? చేతగాక సరుకు మీద పెడతావా?"

"సరుకుని అనట్లేదండి. ఎందుకో ఇక్కడ ఉడకట్లేదండి."

ఆయన పదేళ్ళకి పైగా రెండు పూటలా ఆ చేతి పప్పు తిన్న మనిషి. అది తన పప్పేనని, ప్రయాణానికి ముందు తనే పంటికింద పెట్టి కొరికి బస్తా కట్టించానని కూడా తెలిసిన మనిషి. పప్పు మంచిదే, చెయ్యీ మంచిదేనని తెలిసినప్పుడు, ఇక్కడేదో మనకి తెలియని సంగతుందని ఊరుకుంటే సరిపోయేది. ఆయన ఊరుకోలేదు. గదిలోకి వినపడేట్టు గొంతు పెంచారు.

"ఏం చేస్తాం బావగారూ, మా మరదలికి వంటలో చెయ్యి కుదరదు. పప్పు బంగారమే. చెయ్యే మంచిది కాదు."

వియ్యంకుడు లోపల్నుంచి నవ్వాడు. మా నాన్న అక్కడే, పెదనాన్న పక్కన, మఫ్లరు మడత పెట్టుకుంటూ ఉన్నారు. మడత సరిగా రాలేదేమో, విప్పి మళ్ళీ పెట్టుకున్నారు. నాన్న మంచివారని అందరూ అంటారు. నాకు ఆ మంచితనం మీద ఈ రోజుకీ కోపమే. నోరు విప్పాల్సిన చోట విప్పని మంచితనం ఎవరి కడుపు నింపింది?

ఆ సాయంత్రానికి వియ్యపురాలు ఒక పేరు కట్టింది, రాళ్ళపప్పు రాజ్యం అని. బస్సులో పిల్లలు దాన్ని పాట చేశారు. సుధాకరన్నయ్య గొంతు అందులో గట్టిగా వినిపించేది. ఆ తర్వాత రోజులన్నీ అమ్మ తెల్లారకముందే ఆ రేకుల గదిలోకి వెళ్ళి, మేం తిరిగొచ్చేదాకా అక్కడే ఉండేది. మాకు శిఖరాలు చూపించారు, టీ తోటలు చూపించారు, గుర్రం ఎక్కించారు. అమ్మ చూసిన ఊటీ రేకుల గది, స్టవ్వు, గుండిగ. ఊరివాళ్ళని ఒక మాట అడిగితే తెలిసేది. కాని అక్కడివాళ్ళతో మాకు మాటలు లేవు. వాళ్ళ నీళ్ళు తాగకూడదు, వాళ్ళ తిండి ముట్టకూడదు, వాళ్ళని పలకరిస్తే మన పరువు పోతుంది. మా గొప్పలన్నీ మూటగట్టుకుని కొండెక్కిన జనం మేము.

చివరి రోజు చెరువు. ఆడవాళ్ళంతా రావాలని పెదనాన్నే అన్నారు. అమ్మ తల దువ్వుకుని, పెట్టె అడుగున దాచుకున్న ఆకుపచ్చ వెంకటగిరి చీర కట్టుకుంది. కొత్తపెళ్ళికూతురికి పెట్టిన చీరలకంటే కూడా ఆ చీర నాకు ఇప్పటికీ గుర్తుంది. బస్సు స్టార్టు చేశాక పెదనాన్న తల బయటికి పెట్టి అడిగారు.

"పప్పు అయిందా?"

"ఇంకాస్త పట్టుద్దండి. దింపేసి వస్తా. వచ్చాక మళ్ళీ పెట్టుకుంటా."

"వచ్చాక పెడితే పొద్దుగూకుద్ది. తిరుగు ప్రయాణముందిగా. నువ్వుండిపో, దాని సంగతి చూడు."

బస్సు కదిలింది. నేను కిటికీలోంచి చూశాను. అమ్మ ఆకుపచ్చ చీరలో, చేతిలో గరిటెతో మెట్ల మీద నిలబడి ఉంది. ముందు సీట్లో నాన్న రోడ్డు కేసి చూస్తున్నారు. రోడ్డు చూడాల్సిన మనిషి డ్రైవరు ఒక్కడే.

పేటకి తిరిగొచ్చిన సాయంత్రం అందరూ బస్సు దిగి ఎక్కడివాళ్ళక్కడ పడిపోయారు. అమ్మ కాళ్ళు కడుక్కుని, చీరైనా మార్చుకోకుండా, మిగిలి వెనక్కొచ్చిన బస్తాలోంచే పప్పు తీసి కడిగి పొయ్యి మీద పెట్టింది. రెండో పొంగుకి పప్పు వెన్నలా కరిగిపోయింది. అదే పప్పు, అదే గుండిగ, అదే చెయ్యి. అమ్మ విస్తరి ముందు వంగి పెదనాన్నకి వడ్డించి, అక్కడే నిలబడింది. అంతకు ముందెప్పుడూ ఆయన ఎదురుగా అలా నిలబడలేదు. ఆయన నెయ్యి వేయించుకుని, కలుపుకుని, తిని, మారు వడ్డించుకున్నారు. అప్పుడన్నారు, "ఇల్లు చేరాక చేతనైందన్నమాట."

అన్నాళ్ళు తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. కళ్ళెదుట రుజువు పెట్టినా కాదనగలిగిన మనిషిని ధర్మాత్ముడంటే నాకు కడుపు మండుతుంది.

చెయ్యి మంచిది కాదన్న మాట ఊరికే పోలేదు. వియ్యంకులు నందిగామలో బస్సు దిగారు, మాట వాళ్ళకంటే ముందు దిగింది. పది రోజులు తిరక్కుండా అమ్మమ్మ కబురు చెయ్యకుండా ఎర్రబస్సెక్కి వచ్చింది. కాఫీ కూడా తాగకుండా వంటింట్లో పీట వేసుకుని పొయ్యి పక్కన కూర్చుంది. "పప్పు పెట్టు" అంది. అమ్మ పెట్టింది. కడగడం, నీళ్ళు పొయ్యడం, మూత వెయ్యడం, పొంగు చూడడం, అన్నీ పరీక్షకి కూర్చున్న పిల్లలా చేస్తుంటే ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది. పప్పు ఉడికింది.

"ఇక్కడ ఉడికింది. అక్కడెందుకు ఉడకలేదే?"

"తెలీదమ్మా."

"నీళ్ళు తక్కువ పోశావా?"

"లేదమ్మా."

"మరి?"

అమ్మ గుండిగ దించి పక్కన పెట్టింది. ఊటీలో ఏం చూశావని అమ్మమ్మ అడగలేదు. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. ఆ తర్వాత నందిగామలో ఒక పెళ్ళిలో ఎవరో, "నీ కూతురికి నేర్పినట్టు కాకుండా సరిగ్గా చూడు కనకమ్మా" అన్నారట. ఆవిడ గరిటె గుండిగ మీద పెట్టి ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ఎవరి పొయ్యి దగ్గరికీ వెళ్ళలేదు. రెండు మూడేళ్ళకి పోయింది.

ఆవిడ పోయాకే నేను నందిగామ కాలేజీలో చేరాను. ఒక రోజు ఫిజిక్స్ మేష్టారు చెప్పారు, ఎత్తు మీద గాలి ఒత్తిడి తక్కువని, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయని, అందుకని కొండల మీద పప్పులు ఒక పట్టాన ఉడకవని. ఆయన మామూలుగా చెప్పి బోర్డు తుడిచేశారు. నాకు ఆ తర్వాత క్లాసు వినపడలేదు. ఇంటికొచ్చి, అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు పాఠం అప్పగించినట్టు అప్పగించాను. మీ పప్పు తప్పూ కాదు, మా అమ్మ తప్పూ కాదు, అక్కడ ఎవరు వండినా అంతేనన్నాను. పెదనాన్న పరువుకి కూడా దారి వదిలే చెప్పాను.

ఆయన అన్నం కలుపుతూనే, "అయితే ఊటీలో ఉండేవాళ్ళు పప్పు తినరా?" అన్నారు. "మీ అమ్మని వెనకేసుకు రావడానికా నిన్ను కాలేజీకి పంపింది?"

నాన్న మజ్జిగ పోసుకున్నారు. అమ్మ మాత్రం తర్వాత పెరట్లో నన్ను ఆపి, "నిజంగా పుస్తకంలో ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. పేజీ చూపించమంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా ఆ పేజీ చాలాసేపు చూసి, చేతులు చీరకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

పెళ్ళయ్యాక నేను ఒకసారి ఊటీ వెళ్ళాను. మా అమ్మకి దక్కని ఆ చెరువు చూసి, పాచి నీళ్ళు, గుర్రాల పేడ వాసన, పడవల కోసం కొట్లాడుకునే జనం, ఇదా అనుకున్నాను. ఇప్పుడు మా పిల్లలు ఏటా ఏదో ఒక కొండ మీదికి పోతారు. అక్కడ మన ఆవకాయ కూడా బల్ల మీద పెడుతున్నారట. ఆడవాళ్ళెవరూ పొయ్యి ముట్టుకోరు. అదొక్కటే ఈ కాలంలో నాకు పూర్తిగా నచ్చినది. అమ్మని కూడా తీసుకెళతానని ఎన్నోసార్లు అన్నాను. "నేను చూసిన కొండ చాల్లే" అనేది. జలుబు చేస్తే నీలగిరి తైలం సీసా ఇంట్లోకి రానిచ్చేది కాదు. చెరువు చూడలేదన్న దిగులు ఇంకా పోలేదని, పౌరుషం కొద్దీ రానంటోందని అనుకునేదాన్ని.

మొన్న మండపం నుంచి ఆటోలో ఇంటికి వస్తూ అడిగాను.

"అన్నయ్య రాయమన్నాడుగా. ఏం రాయమంటావు? నిన్ను మెట్ల మీద వదిలేసి అందరూ పడవెక్కడానికి పోయారని రాసేస్తా. పేర్లతో సహా రాస్తా."

"పడవ సంగతి ఎవరికి కావాలే?" అంది అమ్మ విసుగ్గా. "నీళ్ళేగా. మునేరు చూళ్ళేదా నేను?"

"మరి?"

ఆటో మిల్లు ముందు నుంచి పోతోంది. కందుల వాసన ఇప్పుడు రావడం లేదు, అంతా మిషన్లలోనే. అమ్మ అటు చూడలేదు.

"కొండ మీద పప్పు ఉడకదని రాయి. ఎవరు వండినా ఉడకదని రాయి" అంది. మళ్ళీ తనే, "మా అమ్మకి తెలీకుండానే పోయింది. అక్కడ కూడా నేను తప్పేం చెయ్యలేదని తెలీకుండానే పోయింది" అంది. కొంగు భుజం మీదికి లాక్కుంది. "నా పేరు ఎటుపోతే ఏముంది. నేర్పింది మా అమ్మ. ఆవిడ సరిగానే నేర్పిందని రాయి."

సుధాకరన్నయ్యా, మీ నాన్న గురించి నువ్వు అడిగిన పేజీ ఇదే. ఎక్కువైందనిపిస్తే పైదంతా కొట్టెయ్యి, నాకు అభ్యంతరం లేదు. ఈ కింది ఒక్క ముక్క మాత్రం వెయ్యి. నందిగామలో కనకమ్మ గారని ఒకావిడ ఉండేది. తన కూతురికి పప్పు వండడం ఆవిడ సరిగానే నేర్పింది.